బిడ్డ బరువు బడిలోనే మొదలవుతుంది

బిడ్డ పుట్టగానే బయట ఎదురుచూస్తున్న బంధువులు అడిగే మొదటి ప్రశ్న "ఆడా? మగా?" అని. ఆ తరువాత "ఎవరి పోలిక?" అని అడుగుతారు. లోపల నర్సు మాత్రం కొద్దిసేపటికి బిడ్డను త్రాసులో పెట్టి, ముల్లు ఎక్కడ ఆగిందో చూసి, కార్డుమీద ఒక అంకె రాసుకుంటుంది. బంధువులు అంతగా పట్టించుకోని ఆ అంకె చాలా సంగతులు చెబుతుంది. బిడ్డ మొదటి నెల ఎలా గడుస్తుందో కొంత చెబుతుంది. కడుపులో ఉన్నప్పుడు బిడ్డకు ఏమి అందిందో, ఏమి అందలేదో చెబుతుంది. అంతేకాదు, ఆ తల్లి తన చిన్నతనంలో ఏమి తిన్నదో కూడా కొంత చెబుతుంది. ఈ చివరి మాట మీకు వింతగా తోచవచ్చు. అది నిజమని చూపించి, దాని నుండి మన బళ్ళు నేర్చుకోవలసినది ఏమిటో చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

రెండున్నర కిలోల గీత

పుట్టినప్పుడు 2,500 గ్రాములకు తక్కువ ఉన్న బిడ్డను ప్రపంచ ఆరోగ్య సంస్థ "తక్కువ బరువు బిడ్డ" అంటుంది. ఈ గీతను 1919లోనే వాడిన వాడు ఫిన్లాండు దేశపు పిల్లల వైద్యుడు ఆర్వో యుల్ప్పో. ఆ రోజుల్లో ఈ గీతకు దిగువన ఉన్న బిడ్డలందరినీ నెలలు నిండని బిడ్డలుగానే భావించేవారు. అది సరికాదని తరువాత తెలిసింది. బిడ్డ బరువు తగ్గడానికి రెండు దారులున్నాయి. ఒకటి, నెలలు నిండకముందే, అనగా 37 వారాలు పూర్తికాకముందే పుట్టడం. రెండు, నెలలు నిండినా కడుపులో సరిగా ఎదగకపోవడం. కొందరు బిడ్డల విషయంలో ఈ రెండూ కలుస్తాయి. మన దేశంలో రెండవ రకం బిడ్డలు చాలామంది ఉన్నారు. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, బరువు తూచిన బిడ్డలలో నూటికి 18 మంది ఈ గీతకు దిగువనే ఉన్నారు.

తక్కువ బరువుతో పుట్టిన బిడ్డకు చర్మం కింద కొవ్వు తక్కువ. అందువలన ఒళ్ళు త్వరగా చల్లబడిపోతుంది. రోగాలను ఎదిరించే శక్తి తక్కువ. పాలు చీకడానికి ఓపిక చాలదు. అయితే ఇక్కడ ఒక మాట. ఇది చదువుతున్న మీలో రెండు కిలోలతో పుట్టినవారు కూడా ఉండవచ్చు. వారు దిగులు పడవలసిన పని లేదు. తల్లిపాలు, తల్లి ఒంటి వెచ్చదనం, శుభ్రత ఉంటే చిన్న బిడ్డలు కూడా చక్కగా పుంజుకుంటారు. 1978లో కొలంబియా దేశపు బొగోటా నగరంలో, కంగారూ తన పిల్లను సంచిలో పెట్టుకున్నట్లు బిడ్డను తల్లి రొమ్ముకు ఆనించి కట్టే పద్ధతి మొదలైంది. ఈనాడు మన ఆసుపత్రులలో కూడా ఆ పద్ధతి ఉన్నది. బరువు అంకె బిడ్డ నుదుటి రాత కాదు. ఒక హెచ్చరిక మాత్రమే.

మావి చేసే పని

కడుపులోని బిడ్డ నోటితో తినదు, ముక్కుతో గాలి పీల్చదు. దానికి కావలసినవన్నీ మావి ద్వారా వస్తాయి. మీ పాఠ్యపుస్తకంలో దీనినే జరాయువు అంటారు. నెలలు నిండేసరికి ఇది సుమారు అర కిలో బరువు తూగుతుంది, బల్లపరుపుగా చిన్న పళ్ళెంలా ఉంటుంది. ఒకవైపు తల్లి రక్తం, మరొకవైపు బిడ్డ రక్తం ప్రవహిస్తుంటాయి. రెండింటి నడుమ పలుచని పొర ఉంటుంది కాబట్టి అవి కలవవు. ఆ పొరగుండా ఆక్సిజన్, గ్లూకోజు, అమైనో ఆమ్లాలు, ఇనుము, కాల్షియం బిడ్డవైపు వెళతాయి. కార్బన్ డయాక్సైడు, యూరియా తల్లివైపు వస్తాయి. బొడ్డుతాడులోని ఒక సిర మంచి రక్తాన్ని బిడ్డకు తెస్తుంది. రెండు ధమనులు వాడిన రక్తాన్ని వెనక్కు తీసుకుపోతాయి.

ఇప్పుడు చిన్న లెక్క చేద్దాం. 28 వారాల బిడ్డ సుమారు ఒక కిలో ఉంటుంది. 40 వారాలకు మూడు కిలోలు అయిందనుకోండి. అంటే 84 రోజులలో 2,000 గ్రాములు పెరిగింది. రోజుకు సగటున సుమారు 24 గ్రాములన్నమాట! దీనినిబట్టి బిడ్డ బరువుకు చివరి మూడు నెలలు ఎంత ముఖ్యమో గ్రహించవచ్చు. తొలి కాన్పుకు ఏడవ నెలలోనో తొమ్మిదవ నెలలోనో కూతురిని పుట్టింటికి తీసుకురావడం మనవారి ఆచారం. అమ్మ చేతి వంట, కాస్త విశ్రాంతి సరిగ్గా బిడ్డ బరువు పెరిగే రోజులలోనే దొరకడం ఎంత మేలో ఈ లెక్క చెబుతుంది.

గుర్రాలు నేర్పిన పాఠం

"తల్లిదండ్రులు చిన్నగా ఉంటే బిడ్డ కూడా చిన్నగానే పుడుతుంది. ఇందులో చేయగలిగినది ఏముంది?" అనేవారు చాలామంది ఉన్నారు. దీనికి సమాధానం గుర్రాలు చెప్పాయి. 1938లో ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో వాల్టన్, హామండ్ అనే శాస్త్రజ్ఞులు ఒక ప్రయోగ ఫలితాలు ప్రకటించారు. షైర్ జాతి గుర్రాలు బండ్లు లాగే మహాకాయాలు. షెట్లాండ్ జాతి పొట్టి గుర్రాలు. కృత్రిమ గర్భధారణ ద్వారా వీటిని రెండు విధాలుగా కలిపారు. ఒక జతలో తల్లి షైర్, తండ్రి షెట్లాండ్. మరొక జతలో తల్లి షెట్లాండ్, తండ్రి షైర్. రెండింటిలోనూ పిల్లకు సగం జన్యువులు షైర్‌వి, సగం షెట్లాండ్‌వి. జన్యువులే అంతా నిర్ణయిస్తే పిల్లలు రెండూ ఇంచుమించు ఒకే బరువుతో పుట్టాలి గదా! కాని అలా జరగలేదు. పెద్ద తల్లికి పుట్టిన పిల్లలు చిన్న తల్లికి పుట్టిన పిల్లలకంటె సుమారు మూడు రెట్లు బరువున్నాయి. పెద్ద తండ్రి జన్యువులు ఉన్నా, చిన్న తల్లి గర్భంలో పిల్ల తనకు దొరికిన చోటుకు, దొరికిన ఆహారానికి లోబడే పెరిగింది.

మనుషులలో ఇటువంటి ప్రయోగం చేయలేము. కాని ఒక పోలిక చూడవచ్చు. ఒకే తల్లికి, వేరువేరు తండ్రులకు పుట్టిన పిల్లల పుట్టుక బరువులు దగ్గర దగ్గరగా ఉంటాయి. ఒకే తండ్రికి, వేరువేరు తల్లులకు పుట్టిన పిల్లల బరువులలో ఆ పోలిక చాలా తక్కువ. కావున వంశలక్షణాలు ఉన్నా, తల్లి శరీర స్థితికి పెద్ద పాత్రే ఉన్నది. స్థితి అంటే మార్చగలిగినది. ఇదే మనకు ఆశ కలిగించే విషయం.

ఆకలి రాసిన అంకెలు

రెండవ ప్రపంచయుద్ధం చివరి శీతకాలంలో, అనగా 1944 నవంబరు నుండి 1945 మే వరకు, పడమటి హాలెండులో జర్మనీ సేనలు ఆహారం రాకుండా అడ్డుకున్నాయి. మనిషికి రోజుకు 1,000 కాలరీలు కూడా దొరకలేదు. జనం తులిప్ దుంపలు ఉడికించుకుని తిన్నారు. ఆ కష్టకాలంలో కూడా అక్కడి ఆసుపత్రులు బిడ్డల బరువులు రాసిపెట్టాయి. తరువాత శాస్త్రజ్ఞులు ఆ పుస్తకాలు తీసి చూశారు. చివరి మూడు నెలలు ఆకలిలో గడిపిన తల్లుల బిడ్డలు సగటున సుమారు 300 గ్రాములు తక్కువ తూగారు. మొదటి నెలల్లో ఆకలికి గురై, ఆ తరువాత తిండి దొరికిన తల్లుల బిడ్డల బరువు మాత్రం దాదాపు మామూలుగానే ఉన్నది. మనం పైన వేసిన లెక్కకు ఇది సరిపోయింది గదా!

అదే యుద్ధంలో ముట్టడికి గురైన లెనిన్‌గ్రాడ్ నగరంలో 1942 మొదటి సగంలో పుట్టిన బిడ్డల బరువు సగటున అర కిలోకు పైగా పడిపోయింది. అక్కడ ఆకలితోపాటు గడ్డకట్టే చలి, చాకిరీ, భయం అన్నీ కలిశాయి.

హాలెండు తల్లులు ఆ కరువుకు ముందు కడుపునిండా తిని పెరిగినవారు. వారి ఒంటిలో నిలువ ఉన్నది. కరువు వచ్చినప్పుడు ఆ నిలువ బిడ్డను కొంతవరకు కాపాడింది. చిన్ననాటి నుండి నిలువే లేని తల్లి సంగతి ఏమిటి? ఆమెకు ఏ యుద్ధమూ అక్కరలేదు. ఒక వానలేని సంవత్సరం చాలు.

తిండి ఒక్కటే కాదు

బిడ్డ బరువును మార్చే తల్లి కారణాలు ఇంకా ఉన్నాయి. వాటిని వరుసగా చూద్దాం.

రక్తహీనత: ఆక్సిజన్ మోసేది రక్తంలోని హిమోగ్లోబిన్. గర్భిణికి డెసిలీటరు రక్తంలో ఇది 11 గ్రాములకు తగ్గితే రక్తహీనత అంటారు. తీవ్రమైన రక్తహీనత ఉన్నప్పుడు నెలలు నిండకముందే ప్రసవం కావడం, బిడ్డ బరువు తగ్గడం ఎక్కువ.

పొగ: పొగాకు పొగలోని కార్బన్ మోనాక్సైడు హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్‌కంటె 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. నికోటిన్ రక్తనాళాలను కుంచింపజేస్తుంది. పొగతాగే తల్లుల బిడ్డలు సగటున సుమారు 200 గ్రాములు తక్కువ తూగుతారని అనేక దేశాల లెక్కలు చూపాయి. "మన ఆడవారు పొగతాగరు గదా" అనకండి. ఉత్తరాంధ్ర తీరాన చుట్టను నిప్పువైపు నోట్లో పెట్టుకుని కాల్చే అడ్డపొగ అలవాటు ఆడవారిలో ఉన్న సంగతి వైద్యులు ఎప్పుడో రాశారు. తండ్రి కాల్చే బీడీ పొగ, కట్టెలపొయ్యి పొగ కూడా తల్లి ఊపిరితిత్తులలోకే పోతాయి.

రోగాలు: మలేరియా క్రిములలో ఫాల్సిపారమ్ అనే జాతి మావిలో చేరి, బిడ్డకు పోవలసిన ఆహారానికి అడ్డుపడుతుంది. తొలిచూలు గర్భిణికి ఈ ప్రమాదం మరింత ఎక్కువ. దోమతెర ఒక విధంగా బిడ్డ బరువును కాపాడే పరికరమన్నమాట! గర్భిణికి రక్తపోటు పెరిగినా మావికి రక్తం సరిగా అందదు. నెలనెలా రక్తపోటు చూపించుకోవాలనేది అందుకే.

శ్రమ: పూణె దగ్గరి ఆరు గ్రామాలలో 1990లలో జరిగిన పరిశోధనలో, గర్భంతో ఉండి పొలంపని, నీళ్ళు మోయడం వంటి బరువు పనులు ఎక్కువగా చేసిన తల్లుల బిడ్డలు చిన్నగా ఉన్నట్లు తేలింది. అదే పరిశోధనలో ఆకుకూరలు, పండ్లు తరచుగా తిన్న తల్లుల బిడ్డలు పెద్దగా ఉన్నారు.

వయసు, ఎడం: తన ఒళ్ళే ఇంకా ఎదుగుతున్న బాలిక గర్భిణి అయితే, ఉన్న ఆహారానికి ఇద్దరు పోటీపడతారు. కాన్పుకు కాన్పుకు మధ్య తగిన ఎడం లేకపోయినా తల్లి నిలువ మళ్ళీ నిండదు.

ఎత్తు: తల్లి ఎత్తు 145 సెంటీమీటర్లకు తక్కువైతే బిడ్డ చిన్నదయ్యే అవకాశం, కాన్పు కష్టమయ్యే అవకాశం రెండూ పెరుగుతాయి.

ఇక్కడ మరొక సంగతి మరువరాదు. బరువు ఎక్కువైతే మంచిదేననుకోకూడదు. తల్లికి మధుమేహం ఉంటే ఆమె రక్తంలోని అదనపు గ్లూకోజు మావి దాటి బిడ్డకు చేరుతుంది. తల్లి ఇన్సులిన్ మాత్రం దాటదు. బిడ్డ క్లోమం తానే అధికంగా ఇన్సులిన్ తయారుచేస్తుంది, కొవ్వు పేరుకుంటుంది, బిడ్డ 4 కిలోలు దాటవచ్చు. అది బలం కాదు, జబ్బు లక్షణం. మనకు కావలసినది లావుపాటి బిడ్డ కాదు, చక్కగా ఎదిగిన బిడ్డ.

తొమ్మిది నెలలు చాలవు

పై జాబితాను మరొకసారి చూడండి. ఎత్తు తొమ్మిది నెలలలో పెరిగేది కాదు. రక్తహీనత తొమ్మిది నెలలలో వచ్చింది కాదు. పెండ్లి వయసు డాక్టరు చేతిలో లేదు. తల్లి మొదటిసారి ఆసుపత్రికి వచ్చేసరికి సగం లెక్క ముందే రాసి ఉన్నది!

ముంబయి మురికివాడలలో జరిగిన ఒక ప్రయోగం ఈ విషయాన్ని బాగా చూపుతుంది. 2014లో దాని ఫలితాలు వెలువడ్డాయి. ఆకుకూరలు, పండ్లు, పాలు కలిపి చేసిన చిరుతిండిని స్త్రీలకు గర్భానికి ముందునుండి కాన్పు దాకా పెట్టారు. అందరినీ కలిపి చూస్తే బిడ్డల బరువులో స్పష్టమైన తేడా కనిపించలేదు. కాని గర్భం రావడానికి కనీసం మూడు నెలల ముందునుండి తిన్నవారిని వేరుగా చూస్తే, బిడ్డల సగటు బరువు సుమారు 48 గ్రాములు పెరిగింది. ఇది చిన్న అంకెలాగే కనిపించవచ్చు. కాని అది చూపే దిక్కు ముఖ్యం. ముందు మొదలుపెట్టినవారికే ఫలితం దక్కింది.

మరి ఎంత ముందు? నా అభిప్రాయం, ఏడవ తరగతికి ముందే. ఆడపిల్ల ఎత్తు వేగంగా పెరిగేది ఆ వయసులోనే. నెలసరి మొదలయ్యాక ఇనుము నష్టం మొదలవుతుంది. సరిగ్గా అప్పుడే మనం ఏమి చేస్తున్నాము? 2019-21 సర్వే ప్రకారం దేశంలో 15 నుండి 19 ఏళ్ళ ఆడపిల్లలలో నూటికి 59 మందికి రక్తహీనత ఉన్నది. 20 నుండి 24 ఏళ్ళ స్త్రీలలో 18 నిండకముందే పెండ్లి అయినవారు ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 29 మంది, తెలంగాణలో 23 మంది. పద్దెనిమిదేళ్ళలోపు పెండ్లి చట్టవిరుద్ధమని 2006 చట్టం చెబుతూనే ఉన్నది.

ముప్పై ఏళ్ళుగా సైన్సు పాఠం చెబుతున్నవాడిని. ఉదయం ప్రార్థన సమయంలో కళ్ళు తిరిగి పడిపోయే పిల్లలలో ఆడపిల్లలే ఎక్కువ. "ఏమి తిన్నావమ్మా?" అని అడిగితే "టీ తాగి వచ్చాను సార్" అంటారు. అదే ఇంటి మగపిల్లవాడు చద్దన్నం తిని, గుడ్డు తిని వచ్చి ఉంటాడు. వేసవి సెలవుల తరువాత హాజరుపట్టీలో కొన్ని పేర్లు పలకవు. "పెండ్లి అయింది సార్" అని పక్క పిల్ల చెబుతుంది. ఆ క్షణంలోనే నాలుగేళ్ళ తరువాత ఏదో ఒక ఆసుపత్రి త్రాసుమీద పడబోయే అంకె నాకు కనిపిస్తుంది.

ఎదురు వాదనలు

నా మాటలకు అడ్డు చెప్పేవారు ఉన్నారు. వారి వాదనలు కూడా విందాం.

మొదటిది: "మా నాయనమ్మ గంజి తాగి, నాట్లు వేసి, ఎనమండుగురిని కన్నది. ఆమెకు ఏ త్రాసు చూశారు?" నిజమే, ఎవరూ చూడలేదు. అందుకే ఎవరెంత తూగారో తెలియదు. కాని ఎనమండుగురిలో ఎందరు బతికారని కూడా అడగండి. 1971లో మన దేశంలో పుట్టిన ప్రతి వెయ్యిమంది బిడ్డలలో 129 మంది ఏడాది నిండకముందే చనిపోయారు. 2020లో ఆ సంఖ్య 28కి దిగింది. నాయనమ్మ కథలో మిగిలినవారి పేర్లే వినిపిస్తాయి. పోయినవారి పేర్లు వినిపించవు.

రెండవది: "ఎక్కువ తినకే అమ్మా, బిడ్డ పెద్దదైతే కాన్పు కష్టం." ఈ మాట పెద్దలు ప్రేమతోనే చెబుతారు. దాని వెనుక భయం ఉన్నది, ఆ భయానికి కారణం కూడా ఉన్నది. ఆసుపత్రి దూరమైన రోజుల్లో కాన్పు కష్టమైతే తల్లి ప్రాణం పోయేది. కాని కాన్పు కష్టం కావడానికి ఒక ముఖ్య కారణం చిన్నతనంలో సరిగా ఎదగని కటి ఎముకలు. గర్భంతో ఉండగా అన్నం మానినంత మాత్రాన ఆ ఎముకలు వెడల్పు కావు. బిడ్డ మాత్రం చిక్కిపోతుంది. గర్భిణి రోజుకు అదనంగా 350 కాలరీలు తినాలని మన హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ చెబుతున్నది. అది కొండంత తిండి కాదు. ఒక గ్లాసు ఆవుపాలు, ఒక కోడిగుడ్డు, ఒక గుప్పెడు వేరుశనగ పప్పులు. ఇంతే!

మన రైతులకు ఈ సూత్రం తెలియనిది కాదు. చూడి గేదెకు తవుడు, చెక్క పెంచుతారు. ఈనడానికి రెండు నెలల ముందే పాలు పితకడం మానివేస్తారు. దానిని దూరం తోలరు. గేదె విషయంలో ఇంత తెలివి చూపే ఇంట్లో కోడలు నిండు నెలలతో నాట్లకు పోతుంటే, అందరూ తిన్నాక గిన్నెలో మిగిలినది తింటుంటే ఎవరికీ తప్పనిపించదు. ఇది తెలియక జరిగే పొరపాటు కాదు. తెలిసినదానిని ఎవరికి వర్తింపజేయాలో ఎంచుకోవడంలో ఉన్న పక్షపాతం.

మూడవది: "పుట్టినప్పుడు బరువు తగ్గినా తరువాత తిని పెరుగుతారు గదా!" చాలామంది పెరుగుతారు. కాని కడుపులోని లోటు పూర్తిగా మాయం కాదు. ఇంగ్లండులోని హెర్ట్‌ఫర్డ్‌షైర్‌లో 1911 నుండి మార్గరెట్ బర్న్‌సైడ్ అనే అధికారిణి ఆధ్వర్యాన నర్సులు ప్రతి బిడ్డ పుట్టుక బరువును, ఏడాది బరువును పుస్తకాలలో రాశారు. ఆ పుస్తకాల ఆధారంగా డేవిడ్ బార్కర్ అనే వైద్యుడు, అతని సహచరులు 5,654 మంది పురుషుల జీవితాలను పరిశీలించి 1989లో ఫలితాలు ప్రకటించారు. పుట్టినప్పుడు, ఏడాదికి బరువు తక్కువ ఉన్నవారిలో గుండెజబ్బు మరణాలు ఎక్కువగా ఉన్నాయి. పూణె పరిశోధకులు మన బిడ్డలలో మరొక విశేషం చూశారు. మన బిడ్డలు ఇంగ్లండు బిడ్డలకంటె చాలా తక్కువ తూగినా, ఆ లోటు ఎక్కువగా కండలోనే ఉన్నది, కొవ్వులో కాదు. సన్నగా కనిపించే మనవారికి నడివయసులోనే చక్కెర జబ్బు రావడానికి ఇది ఒక కారణం కావచ్చునని వారు భావిస్తున్నారు.

తల్లి తప్పా?

"తల్లి కారణాలు" అనే మాటను కొందరు "తల్లి తప్పులు" అని చదువుతారు. చిన్న బిడ్డ పుడితే అత్తగారు, ఆడపడుచు, ఒక్కొక్కచోట ఆసుపత్రి సిబ్బంది కూడా "తినలేదా నువ్వు?" అని ఆమెనే నిలదీస్తారు. ఇది నాకు చాలా అన్యాయంగా తోస్తుంది. ఆమె ఎత్తును ఆమె ఎంచుకోలేదు. పెండ్లి వయసును ఎంచుకోలేదు. కంచంలో ఎంత పడాలో, పొయ్యిలో కట్టెలు కాల్చాలో గ్యాసు వాడాలో, పక్కన ఎవరు బీడీ కాల్చాలో చాలామంది తల్లుల చేతిలో లేదు. తల్లి శరీరంలో కనిపించే కారణాలకు మూలాలు ఇంటిలో, ఊరిలో, ప్రభుత్వంలో ఉన్నాయి. శాస్త్రం కారణాన్ని వెదుకుతుంది, నేరస్థుని కాదు.

బడి చేయవలసినది

1975లో అంగన్‌వాడీలు మొదలయ్యాయి. 2013లో ఆహార భద్రత చట్టం గర్భిణికి ఉచిత భోజనాన్ని హక్కుగా చేసింది. ఆంధ్రప్రదేశ్‌లో అన్న అమృతహస్తం, తెలంగాణలో ఆరోగ్యలక్ష్మి అనే పేర్లతో గర్భిణులకు అంగన్‌వాడీలో ఒక పూట నిండు భోజనం పెట్టే పథకాలు వచ్చాయి. ఇవన్నీ మంచివే. కాని ఇవన్నీ గర్భం వచ్చాక అందేవి. అంతకు ముందరి పదేళ్ళు ఆ పిల్ల ఎక్కడ ఉంటుంది? బడిలో! కావున గర్భిణి సంరక్షణకు తొలి కేంద్రం బడే కావాలని నేను కోరుతున్నాను. అందుకు నాలుగు పనులు సూచిస్తాను.

ఒకటి, వారానికొకసారి బడిలో ఇచ్చే నీలిరంగు ఇనుము మాత్రను చాలామంది పిల్లలు కిటికీలోంచి పారవేస్తారు. "వికారం పుడుతుంది", "మలం నల్లగా వస్తుంది" అని భయం. భోజనం తరువాత వేసుకుంటే వికారం తగ్గుతుంది. మలం నల్లబడటం ఇనుము వలన సహజం, ప్రమాదం కాదు. ఈ రెండు మాటలు ముందే చెబితే మాత్ర నేలపాలు కాదు. ఉసిరి, జామ, నిమ్మ వంటి వాటిలోని విటమిన్ సి ఇనుమును ఒంటికి పట్టిస్తుంది. అన్నం తినగానే తాగే టీ అడ్డుపడుతుంది. ఇది కూడా చెప్పాలి.

రెండు, పదవ తరగతిలోని పునరుత్పత్తి పాఠాన్ని "మీరే చదువుకోండి" అని దాటవేయడం మానాలి. దానిని అబ్బాయిలకు, అమ్మాయిలకు కలిపే చెప్పాలి. రేపు ఇంట్లో గుడ్డు ఎవరి కంచంలో పడాలి, బీడీ ఎక్కడ ఆర్పాలి, చెల్లెలి పెండ్లి ఎప్పుడు చేయాలి అనేవి అబ్బాయిలు కూడా నిర్ణయించే విషయాలే. ఇది ఆడపిల్లల పాఠం కాదు, మనుషుల పాఠం.

మూడు, తొమ్మిది, పది తరగతులలో ప్రతి పిల్ల ఎత్తు, బరువు, హిమోగ్లోబిన్ ఏడాదికొకసారి చూసి రాసిపెట్టాలి. హెర్ట్‌ఫర్డ్‌షైర్ నర్సులు రాసిన పుస్తకాలు డెబ్బై ఎనభై ఏళ్ళ తరువాత వైద్యశాస్త్రానికి దారి చూపాయి. మన హాజరుపట్టీ పక్కన మరొక పుస్తకం ఉంచడం కష్టమా?

నాలుగు, పెండ్లి పేరుతో బడి మానిన పిల్ల గురించి వాకబు చేయడం ఉపాధ్యాయుల పనే. ఒక్క పెండ్లిని రెండేళ్ళు వాయిదా వేయించగలిగినా, అది మందులషాపులో దొరకని మందు.

మీరు చేయదగిన పని కూడా ఒకటి ఉన్నది. మీ ఇంట్లో తల్లీబిడ్డల కార్డు ఉంటే అడిగి మీ పుట్టుక బరువు తెలుసుకోండి. తరగతిలో అందరూ పేరు రాయకుండా ఒక చీటీమీద ఆ అంకె మాత్రం రాసి డబ్బాలో వేయండి. సగటు కట్టండి. 2.5 కిలోల గీతకు దిగువన ఎందరున్నారో లెక్కించండి. మీ ఊరి లెక్కను దేశపు లెక్కతో పోల్చండి. ఎవరినీ ఎగతాళి చేయకండి. చీటీ ఎవరిదో వెదకకండి.

ఆ తరువాత ఈ రాత్రి భోజనాల దగ్గర మీ ఇంట్లో ఎవరు ముందు తింటున్నారు, ఎవరు చివర తింటున్నారు, చివర తిన్నవారి కంచంలో పప్పు, కూర ఎంత మిగిలింది అనేది చూడండి. చూసి ఊరుకోకండి. అమ్మను, అక్కను, వదినను మీతోపాటే కూర్చోమనండి. ఇందుకు ప్రభుత్వ ఉత్తర్వు అక్కరలేదు, ఒక పీట వేస్తే చాలు.